గోదావరి ఎగువన రెండు దినములు, నాలుగు భోజనములు

(మన సంఘపు వారాంత సభలో చదివిన ప్రసంగ పాఠము)

 

ఈ వేదికపై సాధారణముగా బడులను గూర్చియు, భూముల పత్రములను గూర్చియు, మన పిల్లల ఉద్యోగములను గూర్చియు మాటలు వినుచుందుము. దంపతులమిద్దరము నాసిక్ పట్టణము పోయివచ్చినాము గనుక, అక్కడ ఏమి చూచితిమో, ఏమి తింటిమో చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. ఊరు చూడబోయిన ముసలివారు ఏ హోటలులో ఏమి తినిరో వినుటకు సభ కూడవలెనా అని మా సందేహము. కాని తిరిగివచ్చిన నాటినుండి ఒక విషయము మమ్ము వదలక వెంటాడుచున్నది. అది భోజనమునకు సంబంధించినదే గాని, భోజనముతో ముగియునది కాదు. దానిని మీ ముందు పెట్టవలెనని ఒప్పుకొంటిమి.

ముందు మేము పోవుటకు కారణము చెప్పెదము. మన సిరొంచ ప్రాణహిత ఒడ్డున ఉన్నది. ఇంచుక దిగువకు పోయినచో ప్రాణహిత గోదావరిలో కలియును. ఆవలి గట్టున కాళేశ్వరము. గోదావరి మన వద్దకు చేరునప్పటికి ఆవలి ఒడ్డు కానరానంత వెడల్పు కలది. ఆ నదియే నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరమున బ్రహ్మగిరి కొండమీద పుట్టి, 1465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున కలియుచున్నది. 2015వ సంవత్సరము జూలైలో గోదావరి పుష్కరములు వచ్చినప్పుడు మనలో అనేకులు కాళేశ్వరములో స్నానము చేసినారు. అదే సంవత్సరము నాసిక్‌లో సింహస్థ కుంభమేళా జరిగినది. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించుటయే రెండింటికిని కారణము. ఒకే గ్రహము, ఒకే నది. ఎగువవారు దానిని సింహస్థమందురు, మనము పుష్కరమందుము. అప్పటినుండి మా ఇల్లాలు, "పుట్టినప్పటినుంచి ఈ నీళ్ళే తాగుతున్నం, ఇవి ఎక్కడ పుట్టినయో ఒక్కసారన్న చూడొద్దా" అని అనుచునే ఉండెను. ఇన్నేండ్లకు ఈ ఫిబ్రవరిలో ఆ కోరిక తీరినది. శని, ఆదివారములు రెండును నాసిక్‌లో గడుపునట్లు నిశ్చయించుకొంటిమి.

సిరొంచనుండి చెన్నూరు మీదుగా మంచిర్యాలకు పోయి రైలెక్కితిమి. సేవాగ్రాములో బండి మారితిమి. ఆ దారిని గూర్చి ఒక మాట. మన గడ్చిరోలి జిల్లాలో 1993నుండి మద్యనిషేధము అమలులో ఉన్నది. గాంధీగారి ఆశ్రమమున్న వార్ధా జిల్లాలో 1974నుండియు ఉన్నది. నడుమనున్న చంద్రపూర్ జిల్లాలో 2015లో నిషేధము పెట్టి 2021లో ఎత్తివేసినారు. ఇట్టి జిల్లాలనుండి బయలుదేరి మేము పోవుచున్నది దేశములోకెల్ల పేరుపొందిన వైను సీమకు. బండిలో ఎదుట కూర్చున్న పెద్దమనిషి ఈ సంగతి విని, "మంచి యాత్రయే!" అని నవ్వెను. మేమును నవ్వితిమి. కాని మాకు లోలోపల కొంత బెరుకు లేకపోలేదు.

శనివారము ఉదయము నాసిక్‌లో మొదటి భోజనము, అనగా ఫలాహారము, మిసళ్. మొలకెత్తిన మట్కీ గింజల ఉసలు, దానిమీద ఎఱ్ఱని కారపు రస్సా, పైన ఫర్సాణు, తరిగిన ఉల్లి, కొత్తిమిర, ప్రక్కన పావు రొట్టెలు, పెరుగు, అప్పడము. మన జిల్లాలోను మిసళ్ దొరకును గదా అని మీరనవచ్చును. దొరకును. కాని అక్కడ అది ఒక వ్రతమువలె ఉన్నది. ఊరి వెలుపల తోటలలో, చెట్ల క్రింద బల్లలు వేసి వడ్డించుచున్నారు. శని, ఆదివారములలో జనము కుటుంబములతో కార్లలో వచ్చి వరుసలో నిలుచుందురు. పలుచోట్ల పలకలమీద "చూలీవర్చీ మిసళ్" అని పెద్ద అక్షరములతో వ్రాసి ఉన్నది. కట్టెల పొయ్యిమీద వండిన మిసళ్ అని దాని అర్థము. మా ఇల్లాలు ఆ పలకను చదివి చాలసేపు నవ్వెను. మన ఆడవారు పొగకు కండ్లు మండి, గ్యాసు పొయ్యి వచ్చినప్పుడు కట్టెల పొయ్యిని పెరటిలోనికి నెట్టినారు. ఇక్కడ ఆ పొయ్యి పేరు చెప్పి పిలిచి, డబ్బు తీసికొని భోజనము పెట్టుచున్నారు! తినినవారెవరును ఇది పాత పద్ధతి యని సిగ్గుపడుట మాకు కానరాలేదు. పైగా ఎవరి రస్సా ఘనమైనదని వాదులాడుకొనుచున్నారు.

రెండవ భోజనము మధ్యాహ్నము ఒక చిన్న ఖానావళిలో. దాని పేరు చెప్పము. ఏలయన అక్కడ జరిగిన సంభాషణ చెప్పవలసియున్నది. జొన్న భాకరీ, పిఠలే, పచ్చిమిరపకాయల ఠేచా, పచ్చి ఉల్లి వడ్డించిరి. మేమిద్దరము తెలుగులో మాటలాడుకొనుచు తినుచుండగా వడ్డించు పడుచువాడు దగ్గరకు వచ్చి మరాఠీలో, "కాకా, మీరు ఆంధ్రవారా?" అని అడిగెను.

"కాదు నాయనా, మహారాష్ట్రవారమే. గడ్చిరోలి జిల్లా."

"అయితే మీరు మాట్లాడేది ఏ భాష?"

"తెలుగు."

"గడ్చిరోలిలో తెలుగు ఎట్లా వచ్చింది? అక్కడికి ఎప్పుడు వచ్చినారు?"

అతడు చెడ్డ ఉద్దేశముతో అడుగలేదు. ఆదరముతోనే అడిగెను. ఇట్టి ప్రశ్న మనకు క్రొత్తయును కాదు. వంతెన దాటి కాళేశ్వరములో బత్తాయిలు కొనబోయినచో, "మీరు మహారాష్ట్రోళ్ళా?" అని అడుగుదురు. పడమట ఆంధ్రవారము, దక్షిణమున మహారాష్ట్రవారము. ఇక మన ఊరిలో మాత్రము ఎవరము? ఆ పడుచువానికి మేము చెప్పిన సమాధానము ఇది: "మేము ఎక్కడినుంచీ రాలేదు. ఎల్లలే మా మీదుగా వచ్చి పోయినవి." 1860లో నిజాము ప్రభుత్వము ఈ సీమను ఇంగ్లీషువారికి ఇచ్చినది. వారు సిరొంచను ముఖ్యస్థానముగా చేసి ఎగువ గోదావరి జిల్లా అని పేరు పెట్టిరి. 1874లో ఆ జిల్లాను ఎత్తివేసి మనలను చాందాలో కలిపిరి. 1956లో బొంబాయి రాష్ట్రము, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. ఆవలి గట్టున 2014లో తెలంగాణ ఏర్పడినది. ఇన్ని మార్పులలో మన పొలములు, గుడులు, పొయ్యిలు ఉన్నచోటనే ఉన్నవి. ఇదంతయు వడ్డించువానికి చెప్పలేదు; సగము చెప్పునంతలో అతనిని మరియొక బల్లవారు పిలిచిరి.

కాని ఆ ఖానావళిలోనే మాకొక సంతోషము కలిగినది. ఠేచా రుచి చూచిన మా ఇల్లాలు లోపలికి పోయి వంట చేయునామెను అది చేయు విధమడిగెను. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి పెనముమీద కాల్చి, ఉప్పు వేసి రాతిమీద దంచవలెనట. "ఇది మా తొక్కే గదా!" అని మా ఇల్లాలనెను. ఠేచణే అనగా మరాఠీలో దంచుట. తొక్కు అనుటకు మన భాషలో అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. రెండు భాషలు ఒకే పనిని చూచి, ఎవరి మాటలో వారు, ఒకే రీతిగా పేరు పెట్టినవి. వంటామె "తొక్కు, తొక్కు" అని రెండుసార్లు పలికి చూచుకొని నవ్వెను. తిరిగి వచ్చునప్పుడు మాకు ఒక పొట్లము కట్టియిచ్చెను. ఆలోచించినచో మన ఇండ్లలో పుంటికూర అనునదే అక్కడ అంబాడీ, మన జొన్నరొట్టెయే భాకరీ. వస్తువులో పొరుగువారికిని మనకును పేచీ లేదు. పేరు మాత్రమే మనది. ఆ పేరు పోయినచో వస్తువు ఉండియు మనది కాకుండ పోవును. మా మనుమరాలు మరాఠీ బడిలో చదువుచున్నది. భాకరీ అనినచో పరుగెత్తుకొని వచ్చును, జొన్నరొట్టె అనినచో, "అదేమిటి?" అని అడుగును. ఆ పిల్లను మేము తప్పుపట్టము. ఆమెకు ఆ మాట వినిపింపనిది మేమే.

సాయంకాలము పంచవటికి పోయి రామకుండము మెట్లమీద కూర్చుంటిమి. కొండాజీ చివడా అని నాసిక్‌లో ప్రసిద్ధి చెందిన అటుకుల చివడా ఒకటి కలదు. దానిని కొనుక్కొని మెట్లమీదనే తింటిమి. అదియే మా మూడవ భోజనము. అక్కడ గోదావరి మన ఊరి కాలువంత ఉన్నది. పిల్లలు ఈది ఆవలికి పోవుచున్నారు. ఈ చిన్న నీరే ఎక్కడెక్కడి ఏరులనో కలుపుకొని మన వద్దకు వచ్చుసరికి ఎంత పెద్దదగుచున్నదో, ఎంత నష్టమును చేయగలదో మనకు తెలియును. మేడిగడ్డ ఆనకట్ట వెనుకటి నీటిలో పొలములు మునిగిన రైతులు ఈ సభలోను ఉన్నారు. ఆ మెట్లమీద మాకు ఒక విషయము తోచినది. ఎగువనున్నవారు ఈ నీటితో ఏమి చేసికొన్నారో, దిగువనున్న మనము ఏమి చేసికొన్నామో చూడవలెనని. దానికి తగిన చోటు మరునాడు దొరకినది.

ఆదివారము ఉదయము గంగాపూర్ జలాశయమువైపు ద్రాక్షతోటలకు పోయితిమి. ద్రాక్ష అనగా మన తరమువారికి హైదరాబాదు అనాబ్-ఎ-షాహీ జ్ఞప్తికి వచ్చును. వేసవి ముందు పెద్ద పెద్ద గుత్తులు బుట్టలలో వచ్చెడివి. ఆ హైదరాబాదు చుట్టునుండిన తోటలలో చాలభాగము ఇప్పుడు ఇండ్ల స్థలములైపోయినవి. ఎంత గొప్ప పేరున్నను, నేల చేతిలో లేకున్నచో పంట నిలువదనుటకు అది సాక్ష్యము. నాసిక్ సీమలో మాత్రము ద్రాక్ష నిలిచినది. అక్కడ పండు ద్రాక్షలో ఎక్కువ భాగము తినుటకే, విదేశములకును పోవుచున్నది. వైనుకు వేయు ద్రాక్ష వేరు. గింజ చిన్నది, తోలు మందము, రసము తీపి ఎక్కువ. చలిదేశములలో తీగ శీతకాలమున నిద్రించి శరదృతువులో కాయును. మన ఉష్ణదేశములో తీగకు ఆ నిద్ర లేదు. అందుచే రైతు సంవత్సరమునకు రెండుసార్లు కత్తిరించును. ఏప్రిల్‌లో ఒకమారు కొమ్మకొఱకు, సెప్టెంబరు అక్టోబరులలో మరియొకమారు కాయకొఱకు. వానకాలము దాటి, చలిరాత్రులలో కాయ ముదిరి, జనవరినుండి మార్చివరకు కోతకు వచ్చును. మేము పోయినది కోతకాలమే. స్త్రీలు గంపలతో గుత్తులు కోయుచుండిరి.

అక్కడి కథ చాలమందికి తెలిసినదే. రాజీవ్ సామంత్ అను ఆయన అమెరికాలో చదివి, ఉద్యోగము విడిచి వచ్చి, తమ కుటుంబపు నేలలో వైను ద్రాక్ష నాటెను. ఆయన సంస్థ తొలి వైనును 2000లో అమ్మినది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వము ద్రాక్షనుండి వైను చేయుటకు ఒక విధానమును ప్రకటించి సుంకములలో రాయితీ ఇచ్చినది. 2005లో ఆ తోటలోనే వచ్చినవారికి రుచి చూపుటకు ఒక శాల తెరచిరి. ఇప్పుడు చుట్టుప్రక్కల అనేక వైనుశాలలు కలవు. తోట చూచుటకు, భోజనము చేయుటకు ముంబయి, పుణే పట్టణములనుండి జనము వచ్చుచున్నారు. మాకు వీటన్నింటికంటె మనసుకు పట్టిన సంగతి ఒకటి. ఆ సంస్థ పేరు సులా. ఆయన తల్లి పేరు సులభ. ఆ పేరునుండియే దానిని తీసికొన్నాడు. ఒక తల్లి పేరు సీసామీద ఎక్కి దేశదేశములు తిరుగుచున్నది. ఈ సంగతి వినినప్పుడు మా ఇల్లాలు కొంతసేపు మాటలాడలేదు. ఎందుకో తరువాత చెప్పెదము.

మేము భోజనమునకు ఆగినది మరియొక చిన్న వైనుశాలలో. దాని పేరు అనావశ్యకము. భోజనమునకు ముందు లోపల తిప్పి చూపిరి. పెద్ద పెద్ద ఉక్కు తొట్లు, వానిని చల్లగా ఉంచు యంత్రములు. తెల్ల వైనుకు రసమునుండి తోలు తీసివేయుదురు. ఎఱ్ఱ వైనుకు తోలుతోనే పులియనిత్తురు, ఆ తోలునుండియే రంగు వచ్చును. ఈస్టు అను సూక్ష్మజీవి రసములోని చక్కెరను తిని మద్యమును, బొగ్గుపులుసు గాలిని పుట్టించును. విద్య అంతయు ఆ పులియుటను తొందరపడనీయక, వేడెక్కనీయక కాచుటలో ఉన్నది. ఒక తొట్టి దగ్గర మా ఇల్లాలు ఆగి, గాలి పీల్చి, "ఏమండి, ఇది మన ఇప్పపువ్వు వాసన గదా" అనెను. మేమును పీల్చి చూచితిమి. ఆమె మాట నిజము. ఏప్రిల్ నెలలో చాపలమీద ఎండబోసిన ఇప్పపూలు సగము ఎండి సగము మిగిలినప్పుడు ఇంటి ముందు వచ్చు వాసన అదియే.

తరువాత బల్లయొద్ద కూర్చుండబెట్టి చిన్న చిన్న గ్లాసులలో కొంచెము కొంచెము పోసి, ముందు వాసన చూడుడు, ఏమి తోచునో చెప్పుడు, తప్పు సమాధానమనునది లేదు అని చెప్పిరి. ఇక్కడ ఒక నిజము చెప్పవలెను. దాచినచో ఈ ప్రసంగము అసత్యమగును. మా ఇల్లాలు త్రాగలేదు. గ్లాసును ముక్కుదగ్గరకు తెచ్చి వాసన మాత్రము చూచెను. మేము రెండు గుక్కలు రుచి చూచితిమి. పులుపు, కొంచెము చేదు, చివర పండు తీపి. మూడవ గ్లాసు వచ్చినప్పుడు మన జిల్లాలో మద్యనిషేధము కొఱకు ఊరూర తిరిగి పోరాడిన స్త్రీలు మాకు జ్ఞప్తికి వచ్చిరి. ఆ గ్లాసు ముట్టలేదు. ఇది మా గొప్పతనముగా చెప్పుట లేదు. మొదటి రెండును ముట్టినవారమే గదా.

అక్కడ కూర్చున్న తక్కినవారు జామపండు అనిరి, అనాసపండు అనిరి, తేనె అనిరి. వైనుశాల యువకుడు ఒక్కొక్కరి మాటకును తల ఊపి మెచ్చుకొనుచుండెను. మా ఇల్లాలి వంతు వచ్చినది. ఆమె మరాఠీలో, "మోహాచే ఫూల్" అనెను, అనగా ఇప్పపూవు. ఆ యువకుడు ఒక్క క్షణము ఆగి, "మోహాచీ దారూ?" అని నవ్వెను. బల్లచుట్టునున్నవారును నవ్విరి. ఇప్పసారా అనినచో వారికి పోలీసులు, పాత్రలు పగులగొట్టుట, త్రాగి పడిపోయినవారు మాత్రమే జ్ఞప్తికి వచ్చుచున్నవి. మా ఇల్లాలు కోపగించుకొనలేదు. "సారా కాదు బాబూ, పువ్వు. మేము దాన్ని తింటాము. కరువు నాడు మా అమ్మ ఆ పువ్వుతో కుడుములు చేసి మమ్ముల బతికించింది" అనెను. బల్లవద్ద నవ్వు ఆగిపోయినది. ఆ యువకుడు మంచివాడే. క్షమాపణ చెప్పి, జేబునుండి చిన్న పుస్తకము తీసి, "అమ్మా, ఎట్లా చేస్తారో చెప్పండి, రాసుకుంటాను" అనెను.

అప్పుడు మా ఇల్లాలు చెప్పలేకపోయెను.

సభ్యులారా, ఈ ప్రసంగము చేయుటకు కారణము ఈ ఒక్క క్షణమే. ఎండిన పూలలోని కేసరములు నలిచి తీసివేయవలెనని ఆమెకు తెలియును. కడిగి ఉడికించవలెనని తెలియును. కాని ముందు వేయించవలెనా, తరువాత వేయించవలెనా? కలుపునది జొన్నపిండియా, బియ్యపు పిండియా? ఎంతకు ఎంత? నువ్వులు ఎప్పుడు వేయవలెను? తల్లి చేయుచుండగా చిన్నతనమున చూచినది, తానెన్నడును చేయలేదు. మా అత్తగారు గతించి చాల సంవత్సరములైనది. బియ్యము సులభముగా దొరకిన తరువాత ఇప్పపూల కుడుములు పేదరికపు గుర్తయినవి. ఆమెను అడుగవలెననియు మాకు తోచలేదు. ఆ యువకుడు కలము పట్టుకొని ఎదురుచూచుచున్నాడు. పుస్తకములో "మోహ, గడ్చిరోలి" అను రెండు మాటలు వ్రాసికొని దానిని మూసెను. ఒక తల్లి పేరు సీసామీద ఉన్న సీమలో, మరియొక తల్లి చేతివంటకు పేరు తప్ప మరేమియు మిగులలేదు. సులభ అను పేరు వినినప్పుడు మా ఇల్లాలు మౌనము వహించుటకు కారణమిదియే. తన తల్లియే ఆమె కప్పుడు జ్ఞప్తికి వచ్చినదట. బండిలో తిరిగివచ్చునప్పుడు చెప్పెను.

ఇప్పపూవును గూర్చి మనకు తెలిసినదే అయినను మరియొకసారి చెప్పుకొందము. మార్చి, ఏప్రిల్ నెలలలో తెల్లవారుజామున పూలు రాలును. ఎండ రాకముందే ఏరవలెను. ఎండిన పూవు బరువులో సగముకంటె ఎక్కువ చక్కెరయే. ద్రాక్షరసములో అందులో సగమైనను ఉండదు. గింజనుండి నూనె వచ్చును. ఈ చెట్టు మనదొక్కరిది కాదు. మన పొరుగున గోండులకు, మాడియాలకు, కోయలకు అది పూజనీయము. వారినుండియే మనము ఆ పూవును తినుట నేర్చియుందుమని మా నమ్మకము. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టము క్రింద ఈ పూవును కొనుటకు, నిలువచేయుటకు నియమములుండెను. 2021లో మహారాష్ట్ర ప్రభుత్వము వానిని సడలించినది. నది కావల ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు ఇప్పపూల లడ్డూలు చేసి అమ్ముచున్నారు. అనగా ఆ పూవుకు సారా తప్ప వేరు గతి లేదనుట అబద్ధము.

మమ్ము అపార్థము చేసికొనవలదు. మన జిల్లాలో మద్యపు దుకాణములు తెరువవలెననియు, ఇప్పసారాకు చీటీ అంటించి అమ్మవలెననియు మేము చెప్పుట లేదు. 1993లో స్త్రీలు సాధించిన దానిని చులుకన చేయుటకు మాకు నోరు రాదు. ఎగువవారినుండి మనము నేర్వవలసినది వైను కాదు. వారు తమ నేలలో పుట్టినదానిని శ్రద్ధగా చూచినారు. ఏ నెలలో కత్తిరించవలెనో, ఏ రాత్రి చలికి ఏ రుచి వచ్చునో వ్రాసిపెట్టుకొన్నారు. కట్టెల పొయ్యి మిసళ్‌కు పలక వ్రాసినారు. ప్రతి దానికి పేరు పెట్టి, ఆ పేరును బిగ్గరగా పలికినారు. ఆ పని చేయుటకు ప్రభుత్వపు అనుమతి అక్కరలేదు, పెట్టుబడి అక్కరలేదు.

భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పు సౌకర్యము కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగములో 350-ఎ అధికరణము కలదు. 1956లో చేర్చినారు. దానికొఱకు మన సంఘము వ్రాయు విన్నపములు వ్రాయుచునే ఉండవలెను. కాని వంటింటిలో తెలుగు నిలుపుటకు ఏ అధికరణమును అడ్డు లేదు. అక్కడ అది పోయినచో, బడిలో తెచ్చి పెట్టినను పిల్లలకు అది పరీక్షల భాషయే అగును. ఆకలివేసినప్పుడు నోటికి వచ్చు భాష కాదు.

కావున మేము రెండు కోరికలు కోరుచున్నాము. మొదటిది, మన పత్రికలో వారమునకు ఒక మూల చాలును. ఒక్కొక్క ఇంటినుండి ఒక్కొక్క వంటను, అది చేయువారి మాటలలోనే, కొలతలతో, తెలుగులో అచ్చువేయవలెను. గట్క, అంబలి, పచ్చిపులుసు, సర్వపిండి, చింతచిగురు కూర, సకినాలు, గోదావరి చేపల పులుసు. మనకు తెలిసినవేగదా అని ఎవరును అనవలదు. మాకును తెలిసినవే అనుకొంటిమి. క్రింద మరాఠీ పేరు కూడ వేసినచో పొరుగువారికిని, మన పిల్లలకును మేలు. రెండవది, ఇంటిలో ఎనుబదియేండ్లు దాటిన తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నవారు ఈ వారమే వారి దగ్గర కూర్చుండి అడుగుడు. పుస్తకము, కలము చేతిలో పెట్టుకొని అడుగుడు.

మా సంగతి చెప్పి ముగించెదము. తిరిగివచ్చిన తరువాత మా ఇల్లాలు వరుసకు పిన్నియగు ఒక వృద్ధురాలిని వెదకి, నది దాటిపోయి, రెండు పూటలు ఆమె దగ్గర ఉండి వచ్చెను. ఆమెకు సగము జ్ఞాపకమున్నది. ముందే వేయించవలెనట, జొన్నపిండియేనట. కొలత మాత్రము, "చేతికి తెలుస్తది బిడ్డా" అని చెప్పెనట. కొలత మేమే కనుగొనవలెను. కొన్ని దినములలో పూలు రాలుట మొదలగును. ఈమారు మనుమరాలిని వెంట తీసికొనిపోయి తెల్లవారకముందే ఏరెదము. మొదటిసారి కుడుములు చెడిపోవచ్చును, రెండవసారియు చెడిపోవచ్చును. కుదిరిన నాడు ఈ సభకు తెచ్చెదము. పళ్ళెము ప్రక్కన ఒక చీటీ పెట్టి, దానిమీద మా అత్తగారి పేరును, ఆ క్రింద వంట పేరును తెలుగులో మనుమరాలిచేత వ్రాయించెదము. అక్షరములు వంకరగా ఉన్నచో మీరు మన్నింపవలెను.